మూడు షిఫ్టుల కుక్క

మా అమ్మాయి పెంచుకుంటున్న కుక్కకి పశువుల డాక్టరు రాసిచ్చిన షాంపూ మూత తీస్తే చాలు, జంషెడ్‌పూర్ బారిడీహ్‌లోని మా ఇల్లంతా వేపా, ఓట్సూ, ఏవో పేరు తెలియని తియ్యటి పూలూ కలిసిన వాసన కమ్ముకుంటుంది. ఆ సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నదంతా నేను చదివాను. చదవకుండా దేన్నీ ఇంట్లో పెట్టనివ్వను. బడి చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయినా లైబ్రరీ బల్లల మీద మోచేతులు కాయలు కాసేలా చదువుకున్నదాన్ని కనక, కుక్కకి దురద పుట్టడానికి పేలు కావచ్చు, తిన్న తిండి కావచ్చు, గాలిలో పుప్పొడి కావచ్చు, పడుకునే గోనె కావచ్చు అని అడిగినా అడక్కపోయినా చెబుతాను. "డాక్టర్ నే బతా దియా హై నా, మమ్మీ" అంటుంది మా అమ్మాయి, డాక్టరు చెప్పాడుగా, ఇక నువ్వు చెప్పక్కర్లేదన్నట్టు. సరే, చెప్పను. కానీ ఎన్ని పూలవాసనలు వచ్చినా నా ముక్కుకి మాత్రం కుక్కవైద్యం అంటే ఒకటే వాసన. అది ఇటుకంత మందాన, పసుపురంగులో, గ్రీజుని కూడా గీకి వదిలించే కార్ఖానా డ్యూటీ సబ్బు వాసన.

అప్పుడు మేం సిద్ధగోరాలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందో వరండా, వెనక నాలుగు ఇళ్లకీ కలిపి ఒక కుళాయి. ఆ రెండు గదుల్లో అమ్మా, నాన్నా, నేనూ, మామ్మా, నాన్న తమ్ముడు బాబాయీ, అమ్మ తమ్ముడు మావయ్యా ఉండేవాళ్లం. ఇంతమంది ఎలా పట్టారని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే అందరం ఒకేసారి ఎప్పుడూ లేం. నాన్న, బాబాయి, మావయ్య ముగ్గురూ ఉక్కు కార్ఖానాలోనే, ముగ్గురూ వేరువేరు షిఫ్టుల్లో. ఒకరు పొద్దున్న ఆరుకి వెళ్తే ఒకరు మధ్యాహ్నం రెండుకి, ఒకరు రాత్రి పదికి. వారం మారితే ఎవరి షిఫ్టు ఏదన్నది మారేదే తప్ప ముగ్గురూ ఒకచోట కూర్చుని భోంచేసింది నేను చూడలేదు. ఒకే మంచం మీద ఒకరు లేచిన వేడి ఆరకముందే ఇంకొకరు నడుం వాల్చేవారు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండేవారు కాబట్టి మేమంతా గుసగుసగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. ఇప్పటికీ నేను గట్టిగా మాట్లాడితే ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది.

కుక్క మా ఇంటికి తనంతట తానే వచ్చింది. ఒకరోజు మావయ్య సైకిల్ వెనక కార్ఖానా గేటు దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి, వరండాలో అమ్మ బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని, ఒక్కో రాయినీ పరీక్షగా చూసింది. తర్వాత మామ్మ బట్టలు ఉతుకుతుంటే అక్కడికి వెళ్లి కూర్చుంది. ఎవరు పనిచేస్తుంటే వాళ్ల దగ్గర నిలబడి చూడటమే కానీ తను వేలు కదపదని కనిపెట్టిన బాబాయి దానికి ఫోర్‌మాన్ అని పేరు పెట్టాడు. నాన్నకి ఆ పేరంటే భయం. అసలు ఫోర్‌మాన్‌గారి ఇల్లు మూడు వీధుల అవతలే, ఆయన సాయంత్రం వాహ్యాళికి మా సందులోంచే వెళ్లేవాడు. ఆ సమయానికి నాన్న కుక్కని "ఇదిగో, నిన్నే" అని మాత్రమే పిలిచేవాడు.

వానలు మొదలయ్యాక ఫోర్‌మాన్ గోక్కోవడం మొదలుపెట్టింది. ఆషాఢంలో పనసపండు వాసనతో సందంతా మగ్గిపోయి ఉండేది, గోడలు చెమర్చేవి, మేం పిల్లలం వాన వెలిసిన గంటసేపు పెంకులు పేర్చి పిట్టూ ఆడుకునేవాళ్లం, చీకటిపడే వేళకి కార్ఖానాలో కరిగిన ఇనపచిట్టెం పారబోస్తే ఆకాశం సగం నారింజరంగుకి తిరిగేది. ఆ వెలుగులో ఫోర్‌మాన్ తోకమొదలు కొరుక్కుంటూ గిరగిరా తిరగడం మొదట్లో మాకు సర్కసులా కనిపించింది. పదిరోజులకి నడుం దగ్గర వెంట్రుకలు పోయాయి. నెలకి పొట్ట ఎర్రబడింది. చవితి కుడుము పెడితే మూడు కాళ్ల మీద నిలబడి తింటూ నాలుగో కాలితో గోక్కునేది.

మామ్మ వరండా గడపమీద కూర్చుని అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని, పొగ ఎటు పోతోందో తెలియకుండా కాల్చే ఆ విద్య మా ఊరి వైపు ముసలమ్మలకే తెలుసు. పక్క క్వార్టరు చాచీ దాన్ని రోజూ చూస్తూనే రోజూ ఆశ్చర్యపోయేది. మామ్మ తీర్పులన్నీ చుట్ట నోట్లోంచి తీశాకే వచ్చేవి. ఆ రోజు కూడా తీసింది.

"పలాసనుంచి సిన్నకోడలు పసిగుంటని ఎత్తుకుని పూజ ఎల్లినాక వత్తాది. ఈ గజ్జికుక్క ఉన్న ఇంట్లో పిల్లని దింపనివ్వను. అప్పటికి తగ్గితే సరే, నేదంటే మాంగో వంతెన దాటించి ఒగ్గేయండి."

చిన్నకోడలంటే బాబాయి భార్య, మా పిన్ని. పురిటికి వెళ్లింది. కార్ఖానాల్లో యంత్రాలకి చేసే విశ్వకర్మ పూజ అయిన మర్నాడు మూడోనెల పాపతో వస్తుంది. అంటే ఫోర్‌మాన్‌కి నెలన్నా గడువు లేదు. మావయ్య లోపల పడుకునే, "ఒగ్గీడానికి అదేటి, ఓటి బిందా?" అని గొణిగి అటు తిరిగి నిద్రపోయాడు.

నాకు పన్నెండేళ్లు. అప్పటికే ఇంట్లో నా పేరు లైబ్రరీ గుంట, అంటే లైబ్రరీ పిల్ల. కాసిడీహ్‌లో ఒక పాత మేడ కింద రెండు గదుల లైబ్రరీ ఉండేది, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు పుస్తకాలూ, అడుగున చెదలు తిన్న తెలుగు పుస్తకాల వరసా. అక్కడి ముసలి లైబ్రరీబాబు నన్ను చూసి ఎప్పుడూ నవ్వలేదు, ఎప్పుడూ పొమ్మనలేదు. "కుక్కల జబ్బులు" అని నేను హిందీలో అడిగితే కళ్లజోడు పైకెత్తి, లేచి, నిచ్చెనెక్కి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దించి దుమ్ము దులిపి బల్లమీద పెట్టాడు. ఇంటికి ఇవ్వరు, అక్కడే చదవాలి. పక్కన నిఘంటువు పెట్టుకుని వాక్యానికి పావుగంట చొప్పున చదివి, నాన్న తెచ్చిచ్చిన పాత డ్యూటీ లాగ్‌బుక్కులో తెలుగులో రాసుకున్నాను. సరిగ్గా అయిదింటికి లైబ్రరీబాబు పంకా ఆపేసేవాడు. అంటే ఇక వెళ్లమని అర్థం.

మొదటి పాఠం పేల గురించి. కుక్కల ఒంటిమీద గెంతే సన్నటి పేలుంటాయి, అవి కుడితే కొన్ని కుక్కలకి ఒళ్లంతా పొంగి దురద పుడుతుంది. ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి దువ్వెనతో దువ్వి, రాలిన నలుసుల్ని తడి తెల్లకాగితం మీద వేయాలి, ఎర్రటి మరక తేలితే పేలున్నట్టే. నేను ఇంటికొచ్చి ఫోర్‌మాన్‌ని దువ్వాను. తడికాగితం మీద ఎర్రగా మరకలు తేలాయి. రోగం దొరికిందని వీధంతా వినబడేలా ప్రకటించాను. అమ్మ లోపలికి వెళ్లి, డ్యూటీనుంచి వచ్చి పడుకున్న మావయ్య జుట్టు దువ్వి ఆ దువ్వెన తెచ్చి కాగితం మీద దులిపింది. ఎర్రటి మరక. కిటికీ రెక్క దులిపింది. ఎర్రటి మరక. బియ్యం డబ్బా మూత దులిపింది.

"అయితే డబ్బాకి కూడా పేలు పట్టీసేయన్నమాట" అంది.

ఇనపరాయి దుమ్ము రాత్రీపగలూ రాలే ఊళ్లో ఆ పరీక్ష పనికిరాదని పుస్తకం రాసినాయనకి తెలియదు. ఆయనెవరో జంషెడ్‌పూర్ వచ్చి ఉండడు. చివరికి నేను ఫోర్‌మాన్ తోకమొదట్లో వెంట్రుకలు పాయలు తీసి చూస్తే నిజంగానే ఒక పేను కనబడి, చూస్తుండగానే గెంతిపోయింది. అంటే పుస్తకం నిజమే, కాగితమే తప్పు.

ఆ తర్వాత మా ఇంట్లో వైద్యం చేయనివాళ్లు లేరు. మామ్మ, గజ్జి అంటూనే, వేపాకూ పచ్చిపసుపూ నూరి ఒళ్లంతా పట్టించింది. ఫోర్‌మాన్ పచ్చగా సందులో నడిచి వెళ్తుంటే పక్క క్వార్టరు చాచీ దండం పెట్టింది. బాబాయి ఎవరో చెప్పారని బండ్లలో వాడేసిన నల్లటి ఇంజనాయిలు సీసాతో తెచ్చాడు. దాన్ని నాకితే కడుపులోకి విషం పోతుందని పుస్తకం చూపించి నేను అడ్డుపడ్డాను. ఆ ఒక్క విషయంలో ఇప్పటికీ నాకు గర్వమే. తిండివల్ల కూడా దురద వస్తుందని చదివి, నాలుగు వారాలు అన్నమూ ఉడికిన గుమ్మడికాయా తప్ప ఇంకేమీ పెట్టకూడదని శాసనం చేశాను. మూడోరోజు ఫోర్‌మాన్ చాచీ గుమ్మంలో కూర్చుని రొట్టె తింటూ దొరికింది. నేను నడుం మీద చేతులేసుకుని నిలబడితే, చాచీ "బిటియా, భూఖా థా బేచారా" అంది, పాపం ఆకలిమీద ఉందని. మర్నాడు దాని నోట్లో కనబడిన ఎండుచేప తలకాయ ఎవరు పెట్టారన్నది మాత్రం తేలలేదు. అయితే ఎండుచేపల కుండ మామ్మ చేతికిందే ఉండేది కాబట్టి నాకు అనుమానమైతే ఉంది.

ఇవన్నీ అలా ఉంచి, పుస్తకంలో నేను ముఖ్యమని గీత గీసుకున్న మాట స్నానం. సబ్బుతో రుద్ది స్నానం చేయిస్తే పేలు పోతాయి. చిన్నపిల్లని, అంత కుక్కని కుళాయి కింద పట్టుకోవడం నా వల్ల కాదు. కాబట్టి పెద్దవాళ్లకి చెప్పాను. నాన్న డ్యూటీకి వెళ్తూ సైకిల్ ఎక్కుతుంటే చెప్పాను. మావయ్య చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటుంటే చెప్పాను. బాబాయి పిన్నికి ఉత్తరం రాస్తుంటే చెప్పాను. ముగ్గురూ తలూపారు. పుస్తకంలో ఉన్నమాట కాదనేంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ముగ్గురిలో ఎవరి చదువూ అయిదో తరగతి దాటలేదు.

పూజ ఇంకా రెండు వారాలుందనగా ఫోర్‌మాన్ పరిస్థితి ఘోరంగా తయారైంది. పేను ఒక్కటీ కనబడలేదు కానీ చర్మం ఎండిన చెరువులా బీటలు వారింది, చంకల్లో పచ్చిపుళ్లు. ఎవరు పనిచేస్తున్నా చూడటానికి వెళ్లడం మానేసింది. మామ్మ మావయ్యని ఒక తాడు తెమ్మంది. మావయ్య తెచ్చి వరండా మేకుకి తగిలించాడు. నేను బడికి వెళ్తూ వస్తూ ఆ తాడుని చూసేదాన్ని. రాత్రుళ్లు వంతెన అవతల ఫోర్‌మాన్ ఎవరి పని చూస్తూ కూర్చుంటుందా అని ఆలోచిస్తే ఏడుపొచ్చేది.

ఆ వారమే నాకు జ్వరం వచ్చింది. జ్వరం రావడం నా చదువులో ఒక మేలిమలుపు అని చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి ఒక రోజంతా వరుసగా ఇంట్లో ఉన్నాను. వెనక గదిలో కిటికీ పక్క మంచం మీద పడుకుంటే కుళాయి కనబడేది. ఆరున్నరకి రాత్రి డ్యూటీనుంచి మావయ్య వచ్చాడు, కుళాయి దగ్గర తన ఒంటి గ్రీజు కడుక్కున్నాడు, డ్యూటీ సబ్బుతోనే ఫోర్‌మాన్‌ని పట్టుకుని నురగ తేలేలా రుద్దాడు. మంచివాడు మావయ్య అనుకుని పడుకున్నాను. రెండున్నరకి నాన్న వచ్చాడు. తను కడుక్కున్నాడు, ఫోర్‌మాన్‌ని పట్టుకున్నాడు, నురగ తేలేలా రుద్దాడు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. బాబాయి రెండో షిఫ్టు దిగి వచ్చేదాకా మెలకువగా ఉండాలని అమ్మకి తెలియకుండా తొడ గిల్లుకుంటూ పడుకున్నాను. బాబాయి వచ్చాడు. సబ్బు తీశాడు.

అమ్మకీ మామ్మకీ ఇది ఎందుకు తెలియలేదంటే, కార్ఖానానుంచి వచ్చిన మగవాళ్లు ముందు కుళాయి దగ్గరికే పోతారు, అక్కడ కుక్క ఉంటుంది, వానాకాలంలో తడవని కుక్క ఏ ఇంట్లో ఉంది? డ్యూటీ సబ్బేమో మగవాళ్లకి కార్ఖానాలో నెలనెలా ఇస్తారు, అది వాళ్ల వ్యవహారం, ఎంత అరిగిందని ఆడవాళ్లెవరూ చూడరు.

జ్వరం తగ్గగానే రెండో షిఫ్టుకి వెళ్తున్న బాబాయి సైకిల్ వెనక కూర్చుని కాసిడీహ్ వెళ్లాను. స్నానం గురించి నేను రాసుకున్న మాట పేజీ చివరిది. అయిదయిపోయి పంకా ఆగిపోవడంతో అంతటితో లేచి వచ్చేశాను. తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ పేజీ తిప్పలేదు, తామర గురించిన అధ్యాయంలో రంగుబొమ్మలుంటే ఆ మోజులో నేరుగా అక్కడికి పోయాను. ఇప్పుడు తిప్పాను. స్నానం అతిగా చేయించవద్దు, మనుషులు వాడే ఘాటు సబ్బులు వద్దు, చర్మంలోని నూనె పోతే ఎండి చిట్లి దురద ఇంకా పెరుగుతుంది. పక్కన బొమ్మ కూడా ఉంది. బొమ్మలోని కుక్క అచ్చం మా ఫోర్‌మాన్.

ఇంటికి నడిచి వచ్చిన ఆ దారంతా నాకు జ్ఞాపకం. చెబితే లైబ్రరీ గుంట అన్న పేరు పోతుంది, చెప్పకపోతే కుక్క పోతుంది. రెండూ పోకుండా ఏదైనా దారి ఉందా అని ఆగ్రికో మలుపుదాకా ఆలోచించాను. సబ్బు దాచేస్తే? ముగ్గురూ ఇంకో సబ్బు తెస్తారు. మామ్మ గడపమీదే ఉంది.

"మామ్మా, ఫోర్‌మాన్‌కి రోజుకి మూడు తానాలు అవుతున్నాయి. ముగ్గురికీ నానే సెప్పేను. ఎక్కువ సేయించకూడదని తరవాత పేజీలో ఉంది. అది నాను సదవనేదు."

మామ్మ చుట్ట తీసింది.

"అంటే సగం సదివి డాక్టరీ సేసేవు."

నేను తలదించుకున్నాను.

"మా ఊళ్లో నాటువైద్యుడూ అంతే సేసీవోడు. రోగి సచ్చిపోయినా తప్పు ఒప్పుకునీవోడు కాదు." మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "పూజదాకా సూద్దుం. తాడు మాత్రం అక్కడే ఉంతాది."

మర్నాడు రెండున్నరకి నాన్న రావడమూ, మావయ్య నిద్రలేవడమూ ఒకేసారి అయ్యాయి. సంగతి తెలిసి ఇద్దరూ కుళాయి దగ్గర నిలబడిపోయారు.

"నువ్వు సేయిత్తన్నావని ఒక్క ముక్క సెప్పకూడదేటిరా?" అన్నాడు నాన్న.

"మీరెవలూ దాన్ని పట్టించుకోటం నేదు కదాని నాను సేయిత్తన్నాను, బావా. నిద్ర సంపుకుని."

నాన్న ఫోర్‌మాన్ వైపు చూశాడు. అది ఇద్దరి మధ్యనుంచి జారుకుని, ఏ సబ్బూ అందనంత దూరంలో కూర్చుంది.

నేను లాగ్‌బుక్కులోంచి కాగితం చింపి, కార్ఖానాలో డ్యూటీ చార్టు ఎలా ఉంటుందో అలాగే గళ్లు గీశాను. స్నానం గడిలో మూడు షిఫ్టులకీ సున్నా. మొదటి షిఫ్టు దిగినవాళ్లు కొబ్బరినూనె రాయాలి. రెండో షిఫ్టు దిగినవాళ్లు దువ్వాలి. మూడో షిఫ్టు దిగినవాళ్లు అది పడుకునే గోనె ఉడకబెట్టి ఎండలో వేయాలి. దాన్ని తాడు పక్కనే గోడకి అంటించాను. కాగితం మీద గళ్లుంటే మా ఇంటి మగవాళ్లు దేవుడి మాటలా వినేవారు. మొదటి మూడు రోజులూ ఫోర్‌మాన్ నూనెచెయ్యి చూసి కూడా పారిపోయింది. వారానికి బీటలు మెత్తబడ్డాయి. పదోరోజు అమ్మ చేపలు కడుగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుని ఒక్కో చేపనీ పరీక్షగా చూసింది. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుని ఉల్లిపాయలంది. అక్కడ ఉల్లిపాయలు లేవు.

పూజనాడు సాయంత్రానికి ముగ్గురూ తమతమ డిపార్టుమెంట్ల నుంచి బూందీ పొట్లాలు తెచ్చారు. మర్నాడు పిన్ని పాపతో రిక్షా దిగింది. వంటినిండా నూనె మెరుస్తూ, నడుం మీద కొత్త వెంట్రుకలు పొదిగినట్టు లేస్తూ ఫోర్‌మాన్ వరండాలో నిలబడింది. మామ్మ దాని పొట్ట తిరగేసి చూసింది, చంకలు చూసింది, చెవులు మడిచి చూసింది. తర్వాత మేకు మీది తాడు తీసి అవతల పారేయకుండా, దొడ్లో అమ్మ చేత కట్టించి దానిమీద పాప గుడ్డలు ఆరేయించింది. తీర్పు అంతే.

పాపకి రైలు ఉక్కకి మెడకింద చెమటపొక్కులు లేచి ఉన్నాయి. అది చూసిన మావయ్య అడుగు ముందుకేశాడు, నాన్న చొక్కా చేతులు మడిచాడు, బాబాయి కుళాయి వైపు చూశాడు. మామ్మ వాళ్లకి అడ్డంగా నిలబడి నన్ను పిలిచింది.

"పైడీ, ముందు సార్టు రాయి. ఈసారి రెండు పేజీలూ సదివి రాయి."

ఫోర్‌మాన్ ఆ తర్వాత తొమ్మిదేళ్లు మా ఇంటి పనులన్నీ దగ్గరుండి చూసింది. ఆ క్వార్టర్ల వరస ఇప్పుడు లేదు, కొట్టేసి ఎత్తయిన ఇళ్లు కట్టారు. కాసిడీహ్ లైబ్రరీ మేడ కింద మోటారుసైకిళ్ల సామాన్లు అమ్ముతున్నారు. అడ్డచుట్ట కాల్చగల ముసలమ్మ నాకు తెలిసి ఈ ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. కుక్కల దురదకి మంచి మందులొచ్చాయి, పరీక్షలొచ్చాయి, వాటిని నేను కాదనను, చదివే ఒప్పుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ షిఫ్టుల్లేవు. నలుగురం ఒకే పూట భోంచేస్తాం, ఒకే పూట పడుకుంటాం, ఆదివారం రోజంతా ఒకరికొకరం ఎదురుగానే ఉంటాం. ఈరోజు కుక్కకి స్నానం ఎవరు చేయిస్తారని నేను అడిగితే మాత్రం, మిగతా ముగ్గురిలో ఒక్కరూ ఫోన్‌లోంచి తల ఎత్తరు.